అక్కకు ముందు సీటు

ఆ వేసవిలో నాకు కావలసిందల్లా ఒక పరుపు. కొత్తది కాదు, మెత్తనిదీ కాదు. కెనడాలోని సర్రేలో ఒక పాత అద్దె ఇంట్లో, ముగ్గురు తెలుగమ్మాయిలు పడుకునే గదిలో, కిటికీ కింద నేల మీద పరిచిన నాలుగో పరుపు. దాని మీద పడుకునే అమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయిందని, ఆ చోటు ఖాళీగా ఉందని వాట్సాప్ గ్రూపులో చూశాను. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని భయపడుతూ వెంటనే మెసేజ్ పెట్టాను.

నాకు ఉండటానికి చోటు లేక కాదు. వాంకూవర్ చుట్టుపక్కల మన విద్యార్థులు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు సర్దుకునేవారు. హాల్లో అడ్డంగా కర్టెన్ కట్టి దాన్నో గది కింద జమకట్టి అద్దెకిచ్చేవారు. అలాంటి రోజుల్లో నాకు సొంతంగా ఒక గది, ఒక పొయ్యి, నేనొక్కదాన్నే వాడుకునే బాత్రూమ్ ఉన్నాయి. విన్నవాళ్లంతా ఎంత అదృష్టమో అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఒంటరితనం అంటే ఏమిటో చెప్పమంటే చెప్పలేను గానీ, అప్పట్లో నా గొంతు ఎలా ఉండేదో చెప్పగలను. వేర్‌హౌస్‌లో పెట్టెలకు టేపు వేసే పని. చెవులకు రక్షణగా పెద్ద పెద్ద డిప్పలు పెట్టుకోవాలి, కాబట్టి అక్కడ మాటల్లేవు. క్లాసులు చాలావరకు కంప్యూటర్ తెర మీదే జరిగేవి. శుక్రవారం షిఫ్ట్ అయ్యాక మూసిన నోరు సోమవారం దాకా తెరిచే అవసరం ఉండేది కాదు. ఇక్కడ బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం ఆనవాయితీ. సోమవారం పొద్దున ఆ ఒక్క మాటా చెప్పబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. సిగ్గుపడి గబగబా దిగిపోయేదాన్ని.

ఇంటికి ఫోన్ చేయలేదా అంటే, రోజూ చేసేదాన్ని. తిన్నావా అంటే తిన్నాను, చలిగా ఉందా అంటే ఉంది. ఫోన్‌లో వార్తలు చెప్పుకోగలం, పోట్లాడుకోలేం. నా దువ్వెన ఎవరు తీశారు, లైటు ఎవరు ఆర్పలేదు అని గొడవపడటానికి మనిషి పక్కన ఉండాలి. ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్లో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. అంతగా తిట్టుకున్న రోజులూ లేవు, అంత సుఖంగా నిద్రపోయిన రోజులూ లేవు. ఆ తర్వాత ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పాను. అది విసుగొచ్చి వదిలేసి, మళ్లీ విద్యార్థినై కెనడాలో పడ్డాను. కాలేజీలో పడితే హాస్టల్ రోజులు కూడా వాటంతటవే వస్తాయనుకున్నాను కాబోలు.

నా మెసేజ్‌కి గుంటూరమ్మాయి జవాబిచ్చింది. ఆ ముగ్గురిలో పెత్తనం ఆమెదే. "ఆదివారం మేమంతా లేక్‌కి వెళ్తున్నాం, నువ్వూ వచ్చేయ్. ఒకళ్లనొకళ్లం చూసుకున్నట్టుంటుంది. మేము నీకు నచ్చాలిగా. బెడ్ సంగతి తిరిగొచ్చేటప్పుడు తేల్చేద్దాం. ఫుల్ రిలాక్సింగ్ ట్రిప్" అని రాసింది. వాళ్లు నాకు నచ్చాలన్నది మర్యాద కోసం అన్న మాట. నచ్చాల్సింది నేను వాళ్లకి. పేరుకే విహారం, నా మట్టుకు నాకది పెళ్లిచూపులు.

పెళ్లిచూపులకైనా అంత తయారయ్యేదాన్ని కాదేమో. శనివారమే చింతపండు పులుసు ఉడకబెట్టి పెట్టుకున్నాను. ఆదివారం తెల్లారకముందే లేచి అన్నం వండి, చల్లార్చి, పల్లీలు, మిరపకాయలు, ఇంగువ దట్టించి, పదిమందికి సరిపోయే పులిహోర కలిపాను. కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ ముడివేసుకున్న జుట్టుని పోనీటెయిల్ కట్టుకున్నాను. మనిషిని పొట్టి, బక్కపలుచన. అద్దంలో చూసుకుంటే ఫర్వాలేదు, వాళ్లలో కలిసిపోతాననిపించింది.

స్కైట్రైన్ స్టేషన్ ముందు వ్యాన్ ఆగింది. ముగ్గురమ్మాయిలు, వాళ్ల క్లాస్‌మేట్స్ ముగ్గురబ్బాయిలు. గుంటూరమ్మాయి తలుపు తీసి నా చేతిలో డబ్బా చూసింది.

"పులిహోరా? నువ్వు మనిషివి కాదే తల్లీ, దేవతవి. ఎక్కు ఎక్కు. వెనకాలకి దూరు. కాళ్లు ముడుచుకో, లేకపోతే పట్టం."

దూరాను. చివరి వరసలో ఇద్దరికి సరిపడే చోట ముగ్గురం. నాకు ఒక పక్క గుంటూరమ్మాయి, ఇంకో పక్క కరీంనగర్ అమ్మాయి. ఒళ్లో ఎవరిదో బ్యాగు, డొక్కలో ఎవరిదో మోచెయ్యి. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి అడక్కుండానే నా చెవిలో పెట్టింది గుంటూరమ్మాయి. వ్యాన్ హైవే ఎక్కేసరికి కరీంనగర్ అమ్మాయి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ముందురోజు షిఫ్ట్ చేసి వచ్చిందట. నోరు కొంచెం తెరుచుకుని, జుట్టు నా మెడకు గుచ్చుకుంటూ, నిజంగా నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక మనిషి తల బరువు నా ఒంటి మీద పడి ఎన్నాళ్లయిందో గుర్తుచేసుకోబోయి మానేశాను. మేలుకుంటుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

ఎడమ వైపు సముద్రం పాయ, దాని మధ్యలో చెట్లు కమ్మిన చిన్న చిన్న దీవులు. కుడి వైపు నిట్టనిలువు కొండ. బండి నడుపుతున్నది కాకినాడ అబ్బాయి. మలుపు మలుపుకీ వేగం తగ్గిస్తూ, ఆ భయం కనపడకుండా ఉండటానికి మాట్లాడుతూనే ఉన్నాడు. అద్దంలో నన్ను చూసి, "బీటెక్ ఏ బ్యాచ్ నువ్వు?" అని అడిగాడు.

"బీటెక్ కాదు. ఎమ్మెస్సీ."

"ఆయ్. పాసవుట్ ఎప్పుడు?"

మనవాళ్లు కలవగానే అడిగేది పేరు కాదు, పాసవుట్ ఇయర్. ఆ అంకె చెబితే చాలు. ఎదుటివాడు మనసులో తీసివేత చేసుకుని, మనల్ని ఏ అరలో పెట్టాలో ఆ అరలో పెట్టేస్తాడు. రా అనాలా, గారు అనాలా, భుజం మీద చెయ్యి వేయొచ్చా, నమస్తే పెట్టాలా అన్నీ అందులోనే తేలిపోతాయి. నాకీ సంగతి తెలియదా అంటే, జీవితమంతా నేనూ అదే చేశాను. కానీ తేదీ అడిగితే తేదీ చెప్పడం లెక్చరర్ల జబ్బు. ఒక చెవిలో పాట మోగుతుండగా, భుజం మీద తల వెచ్చగా ఉండగా, ఏమరుపాటున ఉన్నదున్నట్టు చెప్పేశాను.

వ్యాన్‌లో అందరూ తీసివేత చేశారు.

"అప్పుడు నేను ఎయిత్ క్లాస్‌లో ఉన్నా" అన్నాడు మధ్య సీటులో ఎవరో, తనలో తాను అనుకున్నట్టు.

గుంటూరమ్మాయి కొంచెం జరిగింది. అంతదాకా లేని చోటు మా ఇద్దరి మధ్య ఎక్కణ్ణుంచో పుట్టుకొచ్చింది. "అయ్యో అక్కా, చూస్తే అలా లేరు" అంది. ఆ మాటలకు కరీంనగర్ అమ్మాయి మేలుకుంది. విషయం తెలిసి గబుక్కున తల ఎత్తి, నా భుజాన్ని అరచేత్తో దులిపింది. "సారీ అక్కా. మీరు గింత పెద్దోళ్లని నాకు తెల్వదు" అంది. గింత పెద్దోళ్లు అన్న మాటకు నాకు కోపం రావలసింది. రాలేదు, భుజం చల్లబడిపోయిందన్న దిగులే పట్టుకుంది.

పెట్రోలు కోసం ఆగినచోట ముందు సీట్లో ఉన్న అబ్బాయి దిగి తలుపు తెరిచి పట్టుకున్నాడు. మీరు ముందు కూర్చోండక్కా, వెనకాల ఇరుగ్గా ఉందన్నాడు. నాకు ఇరుకే బాగుందన్నాను. "మొహమాటపడకండక్కా" అన్నాడు. మనలో ఒకసారి వద్దంటే అది మర్యాద, రెండోసారి వద్దంటే మంచి పెంపకం. నిజంగా వద్దు అని చెప్పడానికి మాట లేదు. ముందు సీట్లో కూర్చున్నాను. కాళ్లు చాపుకోవడానికి బోలెడు చోటు. వెనకాల, ఇందాక నేను కూర్చున్నచోట ఇప్పుడు ముగ్గురమ్మాయిలూ తోసుకుంటూ కిచకిచమంటున్నారు. ఫోన్‌లో పెట్టుకున్న పాట సౌండ్ ఎవరో తగ్గించారు, నాకు ఇబ్బందిగా ఉంటుందని.

రిలాక్సింగ్ ట్రిప్ అన్న గుంటూరమ్మాయిని ఆ కొండ కిందే నిలబెట్టి అడగాల్సింది. వ్యాన్ పెట్టిన చోటునుంచి సరస్సు దాకా దారంతా ఎక్కుడే. పెద్ద పెద్ద దేవదారు చెట్ల మధ్య, ఇటు తిరిగి అటు తిరిగి మళ్లీ ఇటు తిరిగే కాలిబాట. కాకినాడ అబ్బాయి నా వీపు మీది బ్యాగు లాక్కున్నాడు. పులిహోర డబ్బా ఇంకొకడు తీసుకున్నాడు. చేతులూపుకుంటూ నేనొక్కదాన్నే నడిచాను. వేర్‌హౌస్‌లో రోజంతా పెట్టెలు ఎత్తేదాన్ని, వాళ్లందరికంటే నాకే దమ్మెక్కువ. చెప్పినా వినలేదు.

ముందుకు పోయి అమ్మాయిలతో కలిసేదాన్ని. వాళ్లేదో నవ్వుకుంటూ ఉండేవారు. క్లాసులో ఎవరో అబ్బాయి గురించి అని అర్థమవుతూనే ఉంది. నేను దగ్గరికి రాగానే నవ్వు ఆపి దారి ఇచ్చేవారు.

"ఏంటి సంగతి, నాకూ చెప్పొచ్చుగా" అన్నాను ఒకసారి.

"ఏం లేదక్కా, ఊరికే" అంది గుంటూరమ్మాయి. "మీరు అలిసిపోయారా, కూర్చుందామా?"

వెనకబడితే ఎవరో ఒకరు ఆగి నా పక్కన నడిచేవారు. కాసేపటికి వాళ్లు వెళ్లి ఇంకొకరు వచ్చేవారు. వంతులు వేసుకున్నారని నాకు తర్వాత తెలిసింది. నా పక్కన వంతుకొచ్చిన వాళ్లంతా ఒకే రకంగా మాట్లాడారు. ఇక్కడ చలి అలవాటైందా అక్కా, ఇక్కడే స్థిరపడటానికి పీఆర్‌కి అప్లై చేశారా అక్కా, ఏ కోర్సు అక్కా. మాటలు తక్కువ మాట్లాడే నెల్లూరు అమ్మాయి చాలాసేపు ఏమీ అడగలేక నలిగిపోయి చివరికి, "బావగారు ఇండియాలో ఉన్నారా అక్కా?" అంది.

"నాకు పెళ్లి కాలేదు."

ఆ పిల్ల నడవడం ఆపేసింది. "సారీ అక్కా" అంది, ఎవరో పోయారని విన్నట్టుగా. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. పెద్దావిడ బాధ కప్పిపుచ్చుకుంటోందనుకుని ఆ అమ్మాయి ఇంకా కంగారుపడి, పరుగున వెళ్లి తన వంతు ఇంకొకరికి అప్పజెప్పింది. అప్పటినుంచి నాతో అందరూ ఇంకొంచెం మెత్తగా మాట్లాడారు.

దారి మధ్యలో చెట్లు తెరిపి ఇచ్చినచోట, ఎదురుగా నల్లగా, ఎర్రగా ఒక పెద్ద గోడలాంటి కొండచరియ కనిపించింది. ఇదేంటి ఇలా విరిగినట్టుంది అని ఎవరో అడిగారు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ముందు వారమంతా ఆ సరస్సు గురించి చదువుకుని వచ్చాను, మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలని. ఒకప్పుడు ఇక్కడ అగ్నిపర్వతం పేలిందని, లావా కిందికి పారుతూ లోయలో ఉన్న మంచుకి తగిలి అక్కడే గడ్డకట్టి గోడై నిలబడిందని, పైన హిమానీనదాల నుంచి కరిగిన నీళ్లు పోయే దారి లేక దాని వెనక సరస్సు అయ్యాయని చెప్పాను. చెబుతూ ఉండగానే వాళ్లంతా నా చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడటం గమనించాను. నా గొంతు కూడా మారిపోయింది. ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పాను. చివర్లో, నా ఖర్మ కాలి, "అర్థమైందా?" అన్నాను.

"ఎస్ మేడమ్" అన్నాడు కాకినాడ అబ్బాయి. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఎవరి దగ్గరనుంచి పారిపోయి ఇంతదూరం వచ్చానో ఆ మేడమ్ నాకంటే ముందే ఆ కొండెక్కి కూర్చుందని నాకు కడుపు మండింది.

సరస్సు మాత్రం వంక పెట్టలేనంత బాగుంది. చెట్లు అయిపోగానే ఒక్కసారిగా కళ్ల ముందు పడింది. లాబ్‌లో మైలుతుత్తం కరిగిస్తే వచ్చే రంగు, ఆ పళంగా కొండల మధ్య పోసినట్టు. అవతలి ఒడ్డున మంచు దిగజారుతూ ఆగిపోయింది. ఎక్కడా చప్పుడు లేదు. దారి దొరక్క నిలిచిపోయిన నీళ్లు అంత అందంగా ఉండటం నాకెందుకో నచ్చలేదు. చాలాసేపు చూస్తూనే ఉన్నాను. నా పక్కన నిలబడి అబ్బ అనుకునే మనిషి కోసం అటూ ఇటూ చూశాను. అందరూ ఫోటోల కోసం రాళ్ల మీదికి పోయారు.

ఫోటోలు తీయమని నన్ను అడిగి, తీశాక నన్ను కూడా రమ్మన్నారు. ముందు వరసలో మధ్యన కూర్చోబెట్టి, వాళ్లంతా వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాలేజీలో ప్రతి మార్చిలోనూ ఇలాంటి ఫోటోలో కూర్చునేదాన్ని. నేను తీసిన ఫోటోల్లో వాళ్లు ఒకళ్ల మీదొకళ్లు పడి, నాలుకలు బయటపెట్టి, జుట్లు లాక్కుంటూ ఉన్నారు.

తిండి దగ్గర ఇంకో సంగతి. తెచ్చినవాటిలో ప్లేటు ఒక్కటే ఉంది. దాన్ని కడిగి, తుడిచి, పులిహోర పెట్టి, పక్కన చిప్స్ పేర్చి, ముందుగా నాకిచ్చారు. తర్వాత వాళ్లు ఆరుగురూ డబ్బా చుట్టూ కూర్చుని అందులోనే చేతులు పెట్టి తిన్నారు. పల్లీల కోసం కొట్టుకున్నారు. మిరపకాయ కొరికిన వాడి వీపు మీద గుద్దారు. "అక్కా, పులిహోర అదిరింది" అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. తెల్లారకముందే లేచి నేను కలిపింది వాళ్లతోపాటు ఆ డబ్బాలో చెయ్యి పెట్టడానికి. ప్లేటు ఒళ్లో పెట్టుకుని కాస్త ఎత్తుగా ఉన్న రాయి మీద కూర్చుని తిన్నాను. ఆ రాయి కూడా వాళ్లు ఎంచి ఇచ్చిందే. బూడిదరంగు పిట్ట ఒకటి భయం లేకుండా వచ్చి నా ప్లేటు అంచు మీద వాలి ఒక పల్లీ ఎత్తుకుపోయింది. ఆ రోజు అక్క అని చూడకుండా నా దగ్గర ఏదైనా లాక్కుతిన్నది ఆ పిట్ట ఒక్కటే.

తర్వాత అంత్యాక్షరి అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. హాస్టల్లో నన్ను ఓడించిన వాళ్లు లేరు. లెక్క చూసుకున్నారు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు.

"అక్క జడ్జి" అంది గుంటూరమ్మాయి.

జడ్జికి పాడే హక్కు లేదు. ఎవరు ముందు అందుకున్నారో చెప్పాలి, పాట ముందే వచ్చిందో లేదో గుర్తుపెట్టుకోవాలి, గొడవ వస్తే తీర్పు ఇవ్వాలి. వాళ్లకు తట్టని పాటలు నా నాలుక చివర నిలబడి నిలబడి వెనక్కి పోయాయి. నేనిచ్చిన ఏ తీర్పునీ ఎవరూ కాదనలేదు. హాస్టల్లో అయితే జడ్జిని ఈపాటికి దిండ్లతో కొట్టేవాళ్లం.

ఎండ బాగా పట్టాక అమ్మాయిలు నీళ్లలోకి దిగారు. మోకాళ్ల దాకా దిగి చలికి కేకలు పెడుతూ ఒకళ్ల మీదొకళ్లు నీళ్లు చిమ్ముకున్నారు. ఒడ్డున కూర్చుని వాళ్ల చెప్పులకు, ఫోన్లకు కాపలా కాస్తున్న నాకు అప్పుడు తెగింపు వచ్చింది. సాయంత్రంలోగా ఆ పరుపు సంగతి తేలిపోతుంది. ఈలోపు ఒక్కసారైనా వీళ్లకు నేను ఎవరినో తెలియాలి. ప్యాంటు మడిచి దిగాను. నీళ్లు ఎముకలకు తగిలాయి. పళ్లు బిగించుకుని గుంటూరమ్మాయి దగ్గరదాకా నడిచి, రెండు చేతులా దోసెడు నీళ్లు తీసి ఆమె మొహాన కొట్టాను.

ఆమె ఉలిక్కిపడింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె చేతులు నీళ్లలోనే ఉన్నాయి, దోసిలి నిండా నీళ్లున్నాయి. ఒక్క క్షణం ఆ చేతులు లేచాయి. కొడుతుందనుకున్నాను. కొట్టు, కొట్టవే అని లోపల దండం పెట్టుకున్నాను. నన్ను తడిపేస్తే చాలు, మిగిలినవన్నీ అవే సర్దుకుంటాయనిపించింది.

ఆమె దోసిలి వదిలేసింది. మొహం తుడుచుకుని నవ్వింది. "జాగ్రత్త అక్కా, లోపల రాళ్లు జారుతున్నాయి" అంటూ చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని ఒడ్డుకు వచ్చాను. కరీంనగర్ అమ్మాయి తన తువ్వాలు తెచ్చి నా భుజాల చుట్టూ కప్పింది. జలుబు చేస్తుందని ఇద్దరూ మందలించారు.

కొండ దిగేటప్పటికి అందరికీ కాళ్లు పీకుతున్నాయి. నాకు మాత్రం ముందు సీటు సిద్ధంగా ఉంది. కూర్చున్నాక పక్క అద్దంలో వాళ్లు కనిపించారు. వ్యాన్ వెనకాల ఆరుగురూ గుమిగూడి మెల్లగా ఏదో మాట్లాడుకుంటున్నారు. ఒకరు నావైపు చూసి తల తిప్పుకున్నారు. నా గురించేనని తెలిసిపోయింది. ఏదైనా మామూలుగా తీసుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాను. వద్దంటారు, మర్యాదగా వద్దంటారు అనుకున్నాను. వద్దంటే మళ్లీ ఆ గదికి ఎలా పోవడమా అని ఆలోచిస్తుంటే గుంటూరమ్మాయి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, మేము మాట్లాడుకున్నాం. మీరు మా ఇంటికి వచ్చేయండి" అంది.

ఆ క్షణం నాకు కలిగినంత సంతోషం వీసా వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కానీ ఆ పరుపు మీకొద్దు" అంది. "మాతోపాటు నేల మీద మీరెందుకక్కా. మేము సరిగ్గా పడుకోం, పడుకోనివ్వం. అర్ధరాత్రి దాకా వాగుతూనే ఉంటాం. కింద లాండ్రీ పక్కన ఒక రూమ్ ఉంది, సూట్‌కేసులు పెట్టుకున్నాం. అది ఖాళీ చేసేస్తాం. మీరొక్కరే ఉండొచ్చు. రెంట్ అదే, ఎక్కువ ఏం వద్దు."

"మంచం నేను చూసానక్కా" అన్నాడు వెనకనుంచి కాకినాడ అబ్బాయి. "ఫ్రీగా ఇచ్చేస్తున్నారు. రేపే తెచ్చేస్తా."

వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. ఆ సూట్‌కేసులన్నీ తమ పరుపుల మధ్య పేర్చుకుని ఆ గది నాకు ఖాళీ చేస్తామంటున్నారు. అంత మంచివాళ్ల మీద ఎలా కోప్పడాలో నాకు తెలియలేదు. సిగ్గు విడిచి ఉన్నమాట చెప్పేశాను.

"నాకు గది ఉంది. గది కోసం కాదు నేను అడిగింది. నాకు ఒక్కదాన్నే ఉండటం చేతకావట్లేదు. మీ పక్కన ఆ పరుపు మీదే పడుకుంటాను."

గుంటూరమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీలోంచి వంగి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. అర్థమైందనుకున్నాను.

"మేమంతా లేమా అక్కా మీకు" అంది. "కిందనుంచి ఒక్క కేక వేయండి, ముగ్గురం పరిగెత్తుకొస్తాం."

తర్వాతి నెల మొదట్లో ఒక మధ్యాహ్నం మారిపోయాను. ఆరుగురూ వచ్చి నా సామాను మోశారు. నన్ను ఒక్క సంచీ ముట్టుకోనివ్వలేదు. మంచం వేశారు, దుప్పటి పరిచారు, గోడకు దీపాల తీగ కూడా తగిలించారు. అలిసిపోయి ఉంటారు, కాసేపు పడుకోండక్కా అని చెప్పి, తలుపు దగ్గరగా వేసి మెట్లెక్కి పోయారు. మంచం మీద కూర్చున్నాను. పైన అడుగుల చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు, ఆ వెంటనే ముగ్గురూ పగలబడి నవ్వడం వినిపించాయి. నేనూ తల పైకెత్తి, ఎందుకో తెలియకుండానే నవ్వాను. అప్పుడు ఎవరో, "మెల్లగా నవ్వండే, కింద అక్క ఉంది" అన్నారు. ఆ తర్వాత పైనుంచి ఏమీ వినిపించలేదు.